కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే



కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసుకుంటూ ఉంటారు. ఉన్నట్టుండి తెర నీలంగా మారి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కనిపిస్తాయి. అవి చదివేలోగా యంత్రం ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. విండోస్ 11లో 2025 నుంచి ఈ తెర నల్లరంగుకు మారింది. రంగు ఏదైనా సంగతి ఒకటే. అప్పుడు ఏం చేయాలో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

లోపల ఏదో తప్పు జరిగిందని, ఇంకా నడిస్తే మీ సమాచారం పాడవుతుందని గ్రహించి, విండోస్ తనంతట తానే ఆగిపోవడమే ఈ తెరకు అర్థం. కాబట్టి కంగారు పడనక్కరలేదు. అయితే అది ఇచ్చే హెచ్చరికను పెడచెవిని పెట్టకూడదు.

చాలాచోట్ల బాగుచేసేవారు మొదట అనే మాట "ఫార్మాట్ చేసేద్దాం" అని. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచివేయడం. దుకాణం లెక్కలు, పట్టా కాగితాల నకళ్లు, సూరత్‌లో ఉన్న అబ్బాయి పంపిన పెళ్ళి ఫొటోలు, అన్నీ పోతాయి. పోనీ, అంతటితో జబ్బు కుదురుతుందా అంటే అదీ నమ్మకం లేదు. లోపం కరెంటులోనో మెమరీలోనో ఉంటే, ఫార్మాట్ చేసిన నాలుగు రోజులకే నీలితెర మళ్ళీ వస్తుంది. అందుచేత యంత్రం కాసేపైనా నడుస్తూ ఉండగానే ముఖ్యమైన కాగితాలన్నీ పెన్‌డ్రైవులోకి గాని, వేరే డిస్కులోకి గాని ఎక్కించుకోండి. ఇది మొదటి పని. అసలు యంత్రమే మొదలు కాకపోయినా ఆశ వదులుకోవద్దు. చాలా యంత్రాల్లో డిస్కును ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే సమాచారం దక్కుతుంది. కొత్త యంత్రాల్లో బిట్‌లాకర్ అనే తాళం ఉండవచ్చు. దాని 48 అంకెల తాళపు సంఖ్యను ముందే కాగితం మీద రాసి దాచుకోండి.

రెండో పని, తెర మీది మాటలను సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోవడం. స్టాప్ కోడ్ అని ఒక పేరు ఉంటుంది. దానితోపాటు తేదీ, వేళ, అప్పుడు మీరు చేస్తున్న పని ఒక పుస్తకంలో రాసిపెట్టండి. నాలుగైదుసార్లు రాసేసరికి కారణం దానంతట అదే బయటపడుతుంది.

మధ్యాహ్నం ఎండవేళే ఆగిపోతున్నదనుకోండి, వేడిని అనుమానించాలి. భంజనగర్ వేసవి ఎంత తీవ్రంగా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. పెట్టెలో దుమ్ము పేరుకుని ఫ్యాను సరిగా తిరగకపోతే ప్రాసెసర్ కాగిపోయి యంత్రం ఆగుతుంది. కరెంటు తీసేసి, మూత విప్పి, మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. గోడకు, పెట్టెకు మధ్య జానెడు ఖాళీ వదలండి.

కరెంటు పోయి వచ్చిన వేళ ఆగుతుంటే, లోపం వోల్టేజిలో ఉండవచ్చు. మన ఇళ్ళకు రావలసింది 230 వోల్టులు. అది పడుతూ లేస్తూ ఉంటే యంత్రంలోని పవర్ సప్లై దెబ్బతింటుంది. మంచి యూపీఎస్, సరైన ఎర్తింగు రెండూ అవసరం. వైశాఖంలో ఉరుములు మొదలైతే ప్లగ్గుతోపాటు ఇంటర్నెట్ తీగ కూడా ఊడదీయండి. పిడుగు ఆ దారిన కూడా రాగలదు.

వేళాపాళా లేకుండా, ఒక్కోసారి ఒక్కో కోడ్‌తో ఆగుతుంటే మెమరీ పలకను చూడాలి. గోపాల్‌పూర్, ఛత్రపూర్ వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి దాని అంచులు మసకబారవచ్చు. కరెంటు తీసేసి, ఏదైనా ఇనుప వస్తువును ముట్టుకుని, ఆ తరువాత పలకను తీసి, అంచులు పొడిగుడ్డతో తుడిచి గట్టిగా అమర్చండి. రెండు పలకలుంటే ఒక్కొక్కటీ విడిగా పెట్టి చూడండి. మెమరీని పరీక్షించే సాధనం విండోస్‌లోనే ఉంది.

డిస్కు టిక్కుటిక్కుమంటున్నా, ఒక్క ఫైలు తెరవడానికి నిమిషాలు పడుతున్నా అది చివరి దశలో ఉందని భావించండి. సమాచారం భద్రపరచకముందు దానిపై ఏ పరీక్షా పెట్టవద్దు.

కొత్త ప్రోగ్రామో, ప్రింటర్ డ్రైవరో, అప్‌డేటో వేసిన మర్నాటి నుంచి బాధ మొదలైతే, లోపం అందులోనే ఉండవచ్చు. సేఫ్ మోడ్‌లో యంత్రాన్ని తెరిచి, కొత్తగా వచ్చినదాన్ని తీసివేయండి. ఇందుకు పెద్ద ఉదాహరణే ఉంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పు ఫైలు వల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెరలయ్యాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేత్తో రాసి ఇచ్చారు. చాలా యంత్రాలు ఎలా బాగుపడ్డాయంటే, సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలును తొలగించడంతోనే. ఫార్మాట్ అవసరం పడలేదు.

ఇంకొక్క జాగ్రత్త. "మీ కంప్యూటర్ పాడైంది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి" అని తెర మీద కనిపిస్తే అది మోసమే. అసలైన విండోస్ తెరలో ఫోను నంబరు ఉండదు. ఆ నంబరుకు ఫోను చేసినవారి బ్యాంకు డబ్బుకే ముప్పు.

ఇవన్నీ చూసినా కుదరకపోతే బాగుచేసేవారి దగ్గరకు తప్పక తీసుకువెళ్ళండి. భంజనగర్ నుంచి బరంపురం వెళ్ళి రావాలంటే ఒక రోజు పని చెడుతుంది గనుక, మీరు రాసుకున్న పుస్తకం, తీసిన ఫొటోలు వెంట ఉంచుకోండి. "నన్ను అడగకుండా డిస్కు తుడవవద్దు" అని ముందే చెప్పండి. యంత్రం పోతే బజారులో ఇంకొకటి దొరుకుతుంది. అందులోని మీ లెక్కలు, మీ వాళ్ళ ముఖాలు ఏ బజారులోనూ దొరకవు.