వైద్య పరిశోధనలో మన వీధి డాక్టరు
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రభుత్వ వైద్యాధికారిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. మన సభ్యులు నన్ను తరచు అడిగే మాట ఒకటుంది. "డాక్టరుగారూ, ఒంట్లో ఏ బాధా లేదు. బీపీ కాస్త ఎక్కువంటున్నారు. మాత్రలు వేసుకోవలసిందేనా?"

ఈ ప్రశ్నకు జవాబు పెద్దాసుపత్రిలో వెదికితే చాలదు. అక్కడికి చేరేది ఎక్కువగా జబ్బు ముదిరినవారు. కాస్త బీపీ ఉన్నవారు కనిపించేది వీధి చివరి డాక్టరు దగ్గరే. అందుకనే బ్రిటన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వారు ఈ పరిశోధనను కుటుంబ వైద్యుల ద్వారా నడిపారు. 176 వైద్యశాలలు, 35 నుండి 64 ఏళ్ళ మధ్యవారు 17,354 మంది. సగం మందికి మందు, సగం మందికి మందులేని ఉత్తుత్తి మాత్ర. తనకిచ్చింది ఏదో రోగికి తెలియదు. 1985లో ఫలితాలు ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 109 మందికి పక్షవాతం వస్తే, మందు వాడినవారిలో 60 మందికే వచ్చింది. మొత్తం మరణాలలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ సంగతీ దాచకుండా రాశారు.

అంతకు ముందే ఇంగ్లండులో విలియం పికిల్స్ అనే పల్లెటూరి డాక్టరు, ఎవరికి ఏ తేదీన ఏ అంటుజబ్బు వచ్చిందో రాసిపెట్టుకుని, 1939లో పుస్తకమే వెలువరించారు.

మరి నేనేం చేశాను? ముప్ఫై ఏళ్ళు చీటీ రాసి రోగి చేతికిచ్చి పంపేశాను. ఎవరు మందులు మానేశారు, ఎవరికి పక్షవాతం వచ్చింది అని ఈనాడు అడిగితే చూపడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఆ బాధ నన్ను వదలదు.

కనుక మీకు నా మనవి. మీ చీటీలు, పరీక్షల కాగితాలు ఒక ఫైలులో భద్రపరచండి. మీ డాక్టరు ఏదైనా పరిశోధనలో చేరమంటే భయపడి పారిపోవద్దు, మొహమాటానికి సంతకమూ పెట్టవద్దు. ఏం మందు, ఎన్నాళ్ళు, హాని జరిగితే బాధ్యత ఎవరిది అని అడగండి. 2019 నాటి నిబంధనల ప్రకారం కొత్త మందుల పరీక్షలకు మీ సమ్మతి తప్పనిసరి. పరీక్ష వల్ల హాని కలిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం పొందే హక్కు ఉంది. మీరు కాదన్నంత మాత్రాన మామూలు వైద్యం ఆగకూడదు.

చివరిగా ఒక్క మాట. బీపీ మాత్రలు మీ అంతట మీరు మానకండి. సెలవు.