మందు పనిచేస్తోందా? రెండు వారాలకే చూసుకోండి

డిప్రెషన్‌కు మందు మొదలుపెట్టిన ఇంట్లో అందరి ప్రశ్నా ఒకటే: తగ్గుతుందా? ఏ మందు ఎవరికి పడుతుందో ముందే తేల్చిచెప్పే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ మామూలు వైద్యంలోకి ఇంకా రాలేదు.

అందుకే మందు వాడి చూడాల్సిందే. 2006లో అమెరికా నుంచి డిప్రెషన్ మందులపై ‘స్టార్-డి’ అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. సుమారు నాలుగు వేల మంది రోగులు చేరిన అధ్యయనమది. మొదటి మందుతో జబ్బు లక్షణాలు దాదాపు పోయింది వాళ్లలో మూడో వంతుకే. అంటే మొదటి మాత్ర పనిచేయకపోవడం మామూలే. అందులో రోగి తప్పేమీ లేదు.

మరి మందు పనిచేస్తోందన్న జాడ ఎలా తెలుస్తుంది? తొలి రెండు వారాల్లో కొంచెమైనా తేడా కనిపిస్తే మంచి సూచన. బొత్తిగా లేకపోతే మోతాదో మందో మార్చాలేమో డాక్టరు ఆలోచిస్తారు. ఈ తేడాను కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది. నిద్ర, ఆకలి, ఆసక్తి, చనిపోవాలన్న ఆలోచనలు అన్నీ అడుగుతుంది. బీపీ చూసినట్టే ప్రతిసారీ ఆ స్కోరు చూడాలి. మన ఆసుపత్రుల్లో ఈ అలవాటు ఇంకా పెరగాలి.

మాత్రలే కాదు, మాటా మందే. గోవాలో డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు మనుషులు డిప్రెషన్ రోగులకు ఆరు నుంచి ఎనిమిది విడతలు కౌన్సెలింగ్ చేశారు. మూడు నెలలకు 64 శాతం మంది తేరుకున్నారు. అది అందనివారిలో 39 శాతమే. 2017లో ప్రచురితమైన ఫలితమిది.

కాస్త తేలిక పడగానే మాత్రలు సొంతంగా మానేయకండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే వెంటనే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.