కామెరలు రాని బిడ్డ

పచ్చకామెరలనగానే కాలేయము చెడినదందుము. చెరచినదెవరు? హెపటైటిస్ బి వైరస్ విషయమున దీనికి సమాధానము విచిత్రమైనది. ఈ వైరస్ కాలేయకణములలో చేరి వృద్ధి పొందును గాని, సాధారణముగా వానిని తాను చంపదు. చంపునవి మన రక్షణకణములే.

కాలేయమందలి సన్నని రక్తమార్గముల గోడలు జల్లెడవలె రంధ్రములు గలవి. రక్తముతో సంచరించు టి-కణములు ఆ రంధ్రములగుండా తమ కొనలు చాచి కాలేయకణములను తాకి పరీక్షించును. ప్రతి కణము తనలో తయారగు మాంసకృత్తుల తునకలను పైపొరపై ప్రదర్శించుచుండును. అందు వైరస్ తునక కనబడెనా, టి-కణము రెండు విధముల పనిచేయును. కొన్ని కణములను చంపును. మరికొన్నిటికి ఇంటర్ఫెరాన్ అను రసాయనముద్వారా కబురంపి, కణము చావకుండగనే వైరస్‌ను అణపించును. పిమ్మట ఇతర తెల్లకణములును వచ్చి చేరును, వాపు హెచ్చును, పైత్యరసపు రంగు రక్తములో నిలిచి కన్నులు పచ్చబడును.

ఆరోగ్యవంతులైన పెద్దలలో నూటికి 95 మందికి పైగా ఈ పోరున గెలుతురు. బ్రతికిన కణములు విభజన చెంది నష్టమును పూరించును. మన పల్లెలలో పసరుమందునకు దక్కిన కీర్తిలో చాలభాగము ఈ కణములకు చెందవలసినదే.

ఇక పురిటిబిడ్డ మాట. తల్లినుండి వైరస్ సోకినను, బిడ్డ రక్షణకణములు దానిని గట్టిగా ఎదిరింపవు. కామెరలు రావు, ఇంటిల్లిపాదియు నిశ్చింతగా నుందురు. కాని అట్టి బిడ్డలలో నూటికి 90 మందియందు వైరస్ దీర్ఘకాలము నిలిచిపోవును. ఏండ్లు గడచిన పిదప రక్షణకణములు మేల్కొన్నను, పోరు తెగదు. గాయముపై గాయము పడుచుండ, అంతవరకు ఎ-విటమినును దాచుకొని యుండిన నక్షత్రాకార కణములు నారపదార్థమును అల్లనారంభించును. మెత్తని కాలేయము గట్టిపడును. కొందరికి క్యాన్సరును కలుగును.

నేటి ప్రసంగమునకు మేమీ విషయము నెన్నుకొనుటకు కారణమిదియే: పెద్దవారి కామెరలు మనలను భయపెట్టును, కామెరలు రాని పసివాని ప్రమాదము మన కంటబడదు.

నివారణ మన చేతిలోనున్నది. ఈ వైరస్‌ను గుర్తించిన బరూచ్ బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమానము లభించినది; ఆ పరిశోధననుండియే టీకా వెలువడినది. గర్భిణికి రక్తపరీక్ష చేయించవలెను. బిడ్డకు పుట్టిన 24 గంటలలోపల మొదటి టీకా వేయించి, తక్కిన మోతాదులు తప్పక పూర్తిచేయించవలెను. టీకావలన పుట్టిన ప్రతిరక్షకములు వైరస్‌ను కాలేయము చేరక మునుపే పట్టుకొనును. అప్పుడు రక్షణకణములు మన కణములనే చంపవలసిన అగత్యముండదు.