నేల లాగితేనే నడక



ఫిజియోథెరపీ పట్టా చేతికొచ్చిన రోజున మీతో చంద్రుడి గురించి మాట్లాడాలనుకుంటున్నాను. నడకంతా కాళ్లలోనే ఉందనుకుంటాం. అందులో నేల లాగుడుకీ అంతే వాటా ఉంది. చంద్రుడి మీద ఆ లాగుడు మన దగ్గరున్న దాంట్లో ఆరో వంతే. 1969 నుంచి 1972 దాకా అక్కడ దిగిన 12 మందీ పెద్దవాళ్లయ్యాక మళ్లీ నడక నేర్చుకున్నారు.

అడుగు వేసినప్పుడు ఆనిన కాలి మీదుగా ఒళ్లు విల్లులా వంపు తిరిగి ముందుకు సాగుతుంది. ఆ వంపు దాటి ఎగిరిపోకుండా పట్టి ఉంచేది గురుత్వాకర్షణే. వేగం హెచ్చితే ఆ పట్టు చాలదు, నడక పరుగవుతుంది. మనకది గంటకు సుమారు 7 కిలోమీటర్ల దగ్గర జరుగుతుంది. లెక్క ప్రకారం చంద్రుడి మీద 3 కిలోమీటర్లకే జరగాలి. అందుకే వ్యోమగాములు త్వరపడినప్పుడల్లా గెంతుతూ సాగారు.

బరువు తగ్గినా ద్రవ్యరాశి తగ్గదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పాదానికి నేల పట్టు బరువును బట్టి దొరుకుతుంది. ఆపాల్సిన ఒళ్లు మాత్రం అంతే ఉంటుంది. సాఫీగా ఆగాలంటే రెండు నుంచి నాలుగు అడుగులు పడుతున్నాయని వ్యోమగామి ఆల్డ్రిన్ అక్కడి నుంచే చెప్పాడు. పక్కకు తిరగాలన్నా కాలు బాగా చాపి తన్నిపెట్టాల్సిందే. 1972 ఏప్రిల్‌లో చార్లెస్ డ్యూక్ ఉత్సాహంగా పైకెగిరితే, వీపు మీది మూట బరువుకు వెనక్కి ఒరిగి వెల్లకిలా పడ్డాడు. ప్రాణం నిలిపే పరికరాలన్నీ ఉన్నది ఆ మూటలోనే. ఆ క్షణంలో తనకెంత భయం వేసిందో ఆయన తర్వాత దాచుకోకుండా చెప్పాడు.

రేపు మీరు పక్షవాతం నుంచి కోలుకుంటున్న మనిషికి పట్టీలు కట్టి, బరువు కొంత తగ్గించి ట్రెడ్‌మిల్ మీద నిలబెడతారు. అది చంద్రుడికి పూర్తి నకలు కాదు. పట్టీలు మొండేన్ని మోస్తాయి. ఊగే కాలిని భూమి ఎప్పట్లాగే లాగుతుంది. ఆనిన కాలికి ఒక లోకం, ఊగే కాలికి ఇంకో లోకం. అలాంటప్పుడు ఆ మనిషి అడుగు మీకు వింతగా కనిపిస్తే, తప్పు కాలిదేనని వెంటనే రాసేయకండి. ముందు ట్రెడ్‌మిల్ వేగం తగ్గించండి, పట్టీల బిగువు మార్చండి, ఆ అడుగును మళ్లీ చూడండి.