పులి–మేకలో తెగని తగవు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగం)



మన బోథ్‌లో అరుగుల మీద గీసి ఆడిన పులి–మేక గుర్తుందా? 3 పులులు, 15 మేకలు. పులులకు దారి మూసుకుపోయేది ముందా, మేకలు తరిగిపోయేది ముందా? మేకను పెట్టేముందు, పులి దూకే వరుసలో దాని వెనుక చోటు ఖాళీయా అని చూడాలి. నేను చూడక ఓడేవాణ్ణి.

రెండు పులులు కట్టుబడ్డాక మూడోది అటూ ఇటూ జరుగుతుంది. వెంట మేకా జరుగుతుంది. ఆట తెగదు. ఈ తగవుతో మిత్రుడూ నేనూ రెండు నెలలు మాట్లాడుకోలేదు.

చైనాలో పుట్టిన 'గో' ఆటలో 'కో' నియమముందని మనవడు చెప్పాడు. ఒకరు రాయి తీయగానే, పాత స్థితే వచ్చేలా రెండోవారు వెంటనే తిరిగి తీయరాదు; ముందు వేరేచోట ఆడాలి. ఇదే మిత్రుడికి చెప్పాను. ఒప్పుకున్నాడు. కానీ ముందు మారాల్సింది పులా, మేకా? మళ్లీ అక్కడే ఆగాం, ఈసారి చాయ్ తాగుతూ.