శత్రువుల పిల్లలు, బట్టీ పిల్లలు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదివిన. బ్యాంకు లింకేజీ గురించి అయితే కాగితం లేకుండ మాట్లాడుత. ఈ సంగతి మాత్రం రాసుకొని వచ్చిన, ఏమనుకోకండి.

మా సంఘం మీటింగులో జరిగిన ముచ్చట ఇది. పొదుపు కట్టుడు అయినంక ఒక చెల్లె ఫోనులో గాజా వీడియో చూపించింది. కూలిన ఇంట్లకెల్లి పసిపిల్లను బయటికి తీస్తున్నరు. అందరం కొంగుతో కండ్లు తుడుచుకున్నం. అప్పుడే నేను ఇంకో మాట ఎత్తిన. మా ఊరి చెరువు వెనక ఇటుక బట్టీ ఉంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల నుంచి కుటుంబాలు వస్తయి. అక్కడ ఆరుగురు చిన్నపిల్లలు అంగన్‌వాడీకి వస్తలేరు, పోయి మాట్లాడుదాం అన్న. "వాళ్ళు మనోళ్ళు కాదు గదా, వానలు పడితే పోతరు" అని ఒకరు. "మన పిల్లల గుడ్లు తక్కువైతయి" అని ఇంకొకరు. ఐదు నిమిషాల ముందు ఏడ్చినోళ్ళమే! వాళ్ళను తప్పు పడతలేను. ఆ బట్టీ ముందర నుంచి నేను మూడేండ్లు నడిచిన, ఒక్కనాడు లోపలికి పోలేదు.

ఆ రోజుల్లోనే మా పాప బడిలో నవంబర్ 20 బాలల దినం కోసం ఒక వ్యాసం రాసింది. ఎగ్లంటైన్ జెబ్ అనే ఇంగ్లండు ఆమె కథ. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబర్‌లో ఆగింది. అయినా బ్రిటన్, దాని మిత్రదేశాలు తిండి ఓడలను అడ్డుకునుడు మానలేదు. జర్మనీ, ఆస్ట్రియాలో పిల్లలు పాలు లేక ఎండిపోయిన్రు. 1919లో ఈమె లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆకలితో ఎండిన ఆస్ట్రియా పాప బొమ్మ ఉన్న కరపత్రాలు పంచింది. అనుమతి లేదని పోలీసులు పట్టుకున్నరు. కోర్టు 5 పౌండ్ల జరిమానా వేసింది. ఆమె మీద వాదించిన సర్కారు వకీలే ఆ 5 పౌండ్లు తన జేబులోంచి ఇచ్చిండు! మే 19న ఆల్బర్ట్ హాలులో సభ పెడితే, శత్రువుల పిల్లలకు సాయమా అని కొందరు కుళ్ళిన ఆపిల్ పండ్లు తెచ్చుకున్నరట, విసరడానికి. ఆ సభలోనే సేవ్ ది చిల్డ్రన్ నిధి మొదలైంది. 1924లో నానాజాతి సమితి ఒప్పుకున్న బాలల హక్కుల ప్రకటన కూడా ఆమె రాసిందే.

శత్రువుల పిల్లలకే వాళ్ళు అన్నం పెట్టిన్రు. బలంగీర్ మనకు శత్రువు కూడా కాదు.

మరుసటి వారం నలుగురం బట్టీకి పోయినం. సర్దారు దగ్గర అడ్వాన్సు తీసుకొని వస్తరు వాళ్ళు. మొగుడు, పెండ్లాం, ఒక పిల్లో పిల్లగాడో కలిపి ఒక లెక్క. పచ్చి ఇటుకలు తిప్పి ఎండబెట్టుడు పిల్లల పని. అడ్వాన్సు తీరాలె గదా. మాకు ఒడియా రాదు, వాళ్ళకు తెలుగు రాదు. సైగలతోనే సగం అయ్యింది, నవ్వులాట కూడా అయ్యింది. అంగన్‌వాడీ టీచరమ్మ మంచిది. ఏ ఊరి పిల్లయినా పేరు ఎక్కించొచ్చు, గుడ్లు తక్కువ కావు అని ఆమెనే చెప్పింది. బరువు తూస్తే ఒక బాబు ఎర్ర గీత కిందికి వచ్చిండు. అప్పుడు మా కోశాధికారి, గుడ్ల మాట అన్నది ఆమెనే, ఆ బాబును చంకకు ఎత్తుకొని పీహెచ్‌సీకి తీస్కపోయింది.

ఆరుగురిలో నలుగురు అంగన్‌వాడీకి వచ్చిన్రు. ఎనిమిదేండ్ల ఒక పిల్లను మాత్రం బడికి తేలేకపోయినం. చెల్లెను ఎత్తుకునేటోళ్ళు వేరే లేరు. ఆ అప్పు మన చేతిలో లేదు. దాని గురించి లేబర్ ఆఫీసుకు అర్జీ పెట్టినం, జవాబు ఇంకా రాలేదు.

గాజా పిల్లల కోసం ఏడ్వొద్దని చెప్తలేను. మా సంఘం మనిషికి 10 రూపాయలు పక్కకు పెడుతుంది. అవి ఎక్కడికి పంపాలన్నది మీటింగులో తేల్చుకుంటం. ఇక్కడ అడిగేది వేరే. వానలకు వెళ్ళిన కుటుంబాలు దీపావళి దాటినంక మళ్ళీ వస్తయి. ఎవరి ఊర్లో బట్టీ ఉందో, ఎంతమంది పిల్లలుంటరో, భోజనం అయినంక సీసీ మేడం దగ్గర రాయించండి. ఒడియా వచ్చినోళ్ళు ఎవరన్నా ఉంటే ముందు నన్ను కలవండి.