గరిక – రాతిపువ్వు

వినాయకచవితినాడు పూజకు పెరటిలో గరిక కోసుకొంటాము. మసాలా దినుసులతోపాటు రాతిపువ్వును కొట్టులో తూచి తెచ్చుకొంటాము. రెండింటినీ ఎవరూ నాటి పెంచలేదు. అయినను, గరిక కోసినంత మాత్రాన తరగదు, రాతిపువ్వు తరుగుతుంది.

గరిక గడ్డిజాతి మొక్క. దాని తీగ నేలమీద పాకుతూ కణుపు కణుపునా వేరు దింపుతుంది. నేలలోపల కూడ కాడలు సాగుతవి. పశువు కొరికినా, కొడవలి కోసినా మరల చిగురిస్తుంది. రైతు విసిగి నాగలి కట్టి దున్నితే, తెగిన తునకలలో కణుపున్న ప్రతి తునకా మరొక మొక్క కాగలదు. శత్రువును నరికి శత్రువుల సంఖ్యను పెంచుకొనుట వంటిదన్నమాట! దున్ని పైకి తీసిన దుంపకాడలను ఏరి, మండుటెండలో ఎండబెడితే గాని అది లొంగదు.

రాతిపువ్వు సంగతి వేరు. అది రాయీ కాదు, పువ్వూ కాదు. అసలు ఒక్క జీవియే కాదు. పైన బూడిదరంగు, అడుగున నలుపు గల ఆ రేకును శాస్త్రజ్ఞులు లైకెన్ అంటారు. బూజు, కుక్కగొడుగుల కోవకు చెందిన ఒక శిలీంధ్రం ఇల్లు కట్టగా, కంటికానని పచ్చని నాచు ఆ యింట కాపురముండి, సూర్యరశ్మితో ఇద్దరికీ వండిపెడుతుంది. స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు ష్వెండెనర్ 1867లో ఈ మాట చెప్పగా, లైకెన్ పండితులు పలువురు ఒప్పుకొనలేదు. వారిలో నైలాండర్ ముఖ్యుడు. చిత్రమేమంటే, పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో కనిపించే లైకెన్లు నగరంలో ఇతరత్రా లేకపోవుట గమనించి, అవి గాలి శుద్ధికి గుర్తులని 1866లో తెలిపినది ఆయనే.

అది వేరులేని బ్రతుకు. నీరు, లవణాలు వాన నుండి, మంచు నుండి, గాలి నుండి దేహమంతటితో పీల్చుకోవలసినదే. గాలిలో బొగ్గుపొగ విషమున్నచో అదీ లోనికి చేరుతుంది. పెరుగుదల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. అరచేతి వెడల్పు కావలెనన్న ఎన్నో ఏండ్లు పట్టును. చల్లని కొండలలో చెట్ల బెరడులమీద, బండలమీద అంత నిదానంగా పెరిగినదానిని కత్తితో గీకి మూటగట్టుట కొద్ది నిమిషాల పని.

ఈసారి పొట్లం విప్పినప్పుడు చూడండి, రేకుల అడుగున బెరడు తునకలు అంటియుండవచ్చును. వాటిని ఏరివేసి కడుగుకోవలెను. వాసన లేదని గుప్పెడు వేయనక్కరలేదు. వేడినూనె తగిలినప్పుడే పరిమళం వెలువడుతుంది. ఇంటిల్లిపాది కూరకు ఒకటి రెండు రేకులు చాలును. మించితే చేదు.